ముసురుకు దాచిన ఎండ

కొమ్ముగూడెం గని కాలనీలో ఓదెలు బొగ్గు పడని పొయ్యి లేదు. మోకాళ్లు అరిగి గనిలోకి దిగడం మానుకున్న దగ్గర్నుంచి అతను పైన బొగ్గు యార్డులో ఉన్నాడు. కార్మికుల ఇళ్లకు కంపెనీ ఇచ్చే వంటబొగ్గు అతని పార మీదుగానే పోవాలి. ట్రాక్టరు ముందు నడుస్తాడు, ఇంటి ముందు ఆగుతాడు, పోస్తాడు, కదులుతాడు. మధ్యలో మాట ఉండదు. “పొద్దంత ఓదెలు పక్కన పనిచేస్తే చెవులకు సెలవు దొరికినట్టే” అని యార్డు వాళ్లు నవ్వుకునేవారు.

అతని భార్య బానక్క మాటలు ఇద్దరికీ సరిపోయేవి. ఆమే అడిగేది, ఆమే జవాబు చెప్పేది, ఆ జవాబు మీద ఆమే అలిగేది. ఓదెలు ఊ కొట్టేవాడు. ఏ ఊ ఒప్పుకోవడమో, ఏ ఊ కాదో బానక్కకు తెలుసు.

అలాంటి ఇంటికి బొగ్గుతో పోటీకి దిగిన కోడలు వచ్చింది. పేరు హైమ. కాకినాడ పిల్ల. గని ఆసుపత్రి పాత గదుల్లో పెట్టిన చిన్న ప్రయోగశాలలో పని. ఓదెలు కొడుకు తిరుపతి గనిలో ఎలక్ట్రీషియన్. ఒకరోజు ఆ గదుల్లో ఫ్యూజు వేయడానికి పోయాడు. ఆ తర్వాత ఆ గదుల్లో ఫ్యూజు తరచుగా పోయేది. ఆఖరికి పెళ్లయ్యాక గాని ఆ ఫ్యూజు నిలవలేదు.

ఆ ఏళ్లలో వంటగ్యాసు దొరికేది కాదు. సముద్రం అవతల యుద్ధాలు ముదిరి ఓడలు ఆగిపోయాయి. సిలిండర్లు మంచాల కింద ఖాళీగా పడి ఉన్నాయి. ఉన్న కరెంటు గనికే చాలేది కాదు. కాలనీ అంతా మళ్లీ బొగ్గు పొయ్యిల దారి పట్టింది. తెల్లవారితే ఇళ్ల లైను పొడుగునా వాకిళ్లలో పొయ్యిలు రాజుకునేవి. పొగ పోయాక వాటిని లోపలికి మోసుకుపోయేవారు. ఆ పొగ మాత్రం ఎటూ పోయేది కాదు. రేకుల కప్పుల మధ్య పచ్చగా, మందంగా నిలబడేది. వానాకాలంలో తలుపులు మూసుకుంటే ఇంట్లోనే కాపురం పెట్టేది.

అది బానక్క ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గు మొదలైతే ఆమె గోడ పట్టుకుని వంగిపోయేది. “ఇంకొక్క వానాకాలం ఈ పొగలో గడిపితే ఆ తర్వాత నా చేతుల్లో ఏం లేదు” అన్నాడు గని డాక్టరు. ఓదెలు ఆమెను వాళ్ల చెల్లెలి ఊరు పంపించాడు. వారం తిరగక ముందే బస్సు దిగింది.

“ఎందుకచ్చినవ్?” అన్నాడు ఓదెలు. అతనికి అదే పెద్ద ప్రసంగం.

“నీతోటి ఎవలు మాట్లాడ్తరయ్యా? గోడలా?” అంది బానక్క. సంచి దించకుండానే దగ్గింది.

ఒక మధ్యాహ్నం ఓదెలు కోడలికి అన్నం డబ్బా ఇవ్వడానికి ప్రయోగశాలకు పోయాడు. హైమ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బల్ల మీద మూత లేని స్టీలు డబ్బా ఉంది. అందులో తేనెలాంటిదేదో ఉంది, తేనె కంటే తేటగా.

“ముట్టుకోండి మావయ్యగారూ. ఏం కాదు.”

డబ్బా అంచు ముట్టుకున్నాడు. చల్లగా ఉంది.

“ఇది ఉప్పండి. మనం తినేది కాదు, నేను వండింది. నిన్న డాబా మీద ఎండలో పెడితే కరిగింది. పొద్దుటికి చల్లారింది. కానీ తాగిన ఎండ ఇంకా దీని లోపలే ఉంది. నోట్లో పెట్టుకున్న బెల్లం ముక్క పిల్లలు బుగ్గన దాచుకుంటారు చూడండి, అలాగ.”

ఓదెలు ఆమె ముఖం చూశాడు. ఎగతాళి చేస్తున్నట్టు లేదు.

హైమ మరో సీసా మూత తీసి, సూది మొనతో తెల్లటి రవ్వ ఒకటి తీసి డబ్బాలో వేసింది. రవ్వ పడ్డచోట తెల్లటి పువ్వొకటి విచ్చింది. రెప్ప వేసేలోగా ఆ తెలుపు డబ్బా అంతా పాకింది. తేనె కాస్తా రాయయింది. ఓదెలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంచు కాలుతోంది.

దాని మీద గిన్నె పెట్టి హైమ టీ కాచింది. నిప్పు లేదు, పొగ లేదు. టీ పొంగింది. గ్లాసు మామ చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. పరీక్ష రాసిన పిల్లలా ఉంది ఆమె ముఖం.

“ఎలా ఉందండీ?”

ఓదెలు మొత్తం తాగాడు. గ్లాసు దించాడు.

“చక్కెర తక్కువైంది” అన్నాడు.

ఇంటికి వచ్చి హైమ అత్తకు అంతా మళ్లీ చేసి చూపించింది. బానక్క కాసేపు ముక్కు మీద వేలు పెట్టుకుంది. తర్వాత తేల్చేసింది. “ఓ పిల్లా, గింతేనా? ఇది పాలకు తోడు ఏసుడే గద!”

ఆ రోజు నుంచి ఆ తెల్ల రవ్వకు తోడు అనే పేరు పడింది. హైమ ల్యాబులో ఏదో పొడుగు పేరు పెట్టుకుంది గాని, అది ఆ గదుల గుమ్మం దాటి బయటికి రాలేదు. తెల్లబడ్డ ముద్దను మళ్లీ ఎండలో పెడితే మళ్లీ కరుగుతుంది, మళ్లీ తోడు వేస్తే మళ్లీ కాలుతుంది. ఎన్నిసార్లయినా అంతే.

అత్తాకోడళ్లు ఇల్లిల్లూ తిరిగారు. వాళ్లుండే ఏడో లైనుతో మొదలుపెట్టారు. హైమ “ఉష్ణం” అనేలోపు బానక్క “ఎచ్చదనం” అని అందుకునేది. హైమ లెక్కలు చెప్పబోతే బానక్క ఎసరు పెట్టి చూపించేది. ప్రతి ఇంటికీ ఒక డబ్బా, చిన్న సీసాలో చిటికెడు తోడు ఇచ్చారు.

కంపెనీ ఊరుకుంటుందా? సంక్షేమ అధికారి భూమారావు ఆటోకు మైకు కట్టించి తిప్పాడు. బొగ్గు మన బలమని, ఎండను నమ్ముకుంటే మబ్బు పట్టిన రోజు ఎసరు చల్లారిపోతుందని చెప్పించాడు. ఆ నెల బొగ్గుతో పాటు ఇంటికో సబ్బు కూడా పంచాడు.

“సబ్బు ఎందుకిస్తున్నారో కాస్త ఆలోచించండి వదినా” అంది హైమ.

ఆడవాళ్లు మసిపట్టిన గోడల వంక చూసి నవ్వారు. సబ్బూ తీసుకున్నారు, డబ్బానూ తీసుకున్నారు. బానక్క గోడకు అవతలి ఇంటి రాజవ్వకు నోరు పెద్దది. ఆమె వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా అంది: “మంచి సంసారమే దొరికింది మాకు. మొగడు నలుపు పోసిపోతడు, పెండ్లాం తెలుపు పెట్టిపోతది!”

ఓదెలు పోస్తున్న పార ఆపలేదు. మీసం మాత్రం కొంచెం కదిలింది.

పోటీ ముదిరి పెద్దాఫీసు దాకా పోయింది. అక్కడివాళ్లు ఒక పందెం కట్టారు. వానాకాలం మొదటి ముసురు పట్టి విడిచేదాకా ఏడో లైనులో ఒక్క ఇల్లు కూడా బొగ్గు తీసుకోకుండా వంట సాగితే, కాలనీ అంతటికీ ఎండ ఉప్పు వస్తుంది. ఒక్క ఇల్లు ఒక్క తట్ట తీసుకున్నా ప్రయోగశాల మూత.

ఆ సంగతి యార్డులోనూ తెలిసింది. “నీ కోడలు గెలిస్తే ఈ యార్డుకు తాళమేనే ఓదెలన్నా. మనమంత ఇంటికే” అన్నాడు పక్కన పార వేసేవాడు. ఓదెలు ఊ అన్నాడు. ఇంటి దగ్గర ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలమంతా హైమ ఎండను పోగు చేసింది. లైను చివర రేకుల కొట్టం వేయించి, అందులో పెద్ద పెద్ద తొట్లు కట్టించింది. డాబాల మీద కరిగించిన ఉప్పు తెచ్చి ఆ తొట్లలో నింపింది. ముఖం నల్లబడింది. “నువ్వు మా బొగ్గుల కలుస్తున్నవ్” అని తిరుపతి ఏడిపించేవాడు. పూటకో ఇల్లు చొప్పున ఆడవాళ్లు ఆమెకు మజ్జిగ పంపేవారు.

ముసురు పట్టినప్పుడు డబ్బాలోని రాతిముద్దను గంపలో దులపాలి. డబ్బా శుభ్రంగా కడిగి, తొట్లో ముంచి తేట ఉప్పు తెచ్చుకోవాలి. “డబ్బాకు అంటుకున్న పాత పెచ్చు ఒక్కటి కూడా మిగలకూడదు. కడగకుండా ఎవరూ తేవద్దు” అని హైమ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ విన్నారు. అందరూ సరే అన్నారు.

ముసురు రానే వచ్చింది. ఆకాశం గోనెసంచిలా దిగబడింది. గాలి లేదు, ఉరుము లేదు, ఊరికే సన్నగా కురవడమే. డాబాల మీది డబ్బాల్లో ఉప్పు కరగడం మానేసింది. హైమ తొట్లకు పసుపు కుంకుమ పెట్టించింది. లైనులో పెద్దది బానక్క కాబట్టి ముందు ఆమె డబ్బా ముంచాలని అందరూ అనుకున్నారు.

చెమ్మకు బానక్క దగ్గు ఎక్కువైంది. గడప దాటలేక డబ్బా కడిగి ఓదెలు చేతికిచ్చింది. ఇచ్చి, మళ్లీ లాక్కుంది.

“ఉత్త డబ్బా పట్కపోతవా ఏంది? ఇచ్చినోళ్ల గిన్నె ఉత్తగ పంపుతమా ఎన్నడన్నా? మొదట ఆ పిల్లనే గద మనకు తోడు ఇచ్చింది. దాని తోడు దానికి ముట్టాలె.” సీసాలోంచి చిటికెడు తెల్ల రవ్వ తీసి డబ్బా అడుగున వేసింది.

ఓదెలు చూశాడు. అతని తల్లీ అలాగే చేసేది. ఆ లైనులో ఏ ఇంట్లోనూ పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి పోలేదు. ఊ అని, గోనెసంచి నెత్తిన వేసుకుని వానలోకి దిగాడు.

కొట్టం ముందు ఆడవాళ్లు వరుస కట్టి ఉన్నారు. భూమారావు గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. “అందరూ కడిగారా?” అంది హైమ. “కడిగినం, కడిగినం” అన్నారు. డబ్బాల మీద నీటి చుక్కలు చూసి ఆమె తృప్తిగా మొదటి తొట్టి మూత తీసింది.

ఓదెలు వంగి డబ్బా ముంచాడు.

తొట్టి ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయింది. అతని చేతి చుట్టూ తెల్లటి పువ్వు విచ్చింది. అది అంచుల దాకా పాకుతుంటే చిటపటమని సన్నటి శబ్దం లేచింది. ఓదెలు చెయ్యి లాగబోయాడు. డబ్బా రాతిలో ఇరుక్కుంది. డబ్బా వదిలేసి చెయ్యి పీక్కునేసరికి తోలు కమిలిపోయింది. ఆ విదిలింపుకు తెల్ల పెచ్చులు ఎగిరి పక్క తొట్ల మూతల సందుల్లో పడ్డాయి. “నీళ్లు పొయ్యండి, మూతలు నొక్కండి!” అని హైమ అరుస్తూనే ఉంది. ఒకదాని వెంట ఒకటి అన్ని తొట్లూ తెల్లబడ్డాయి. రేకుల మీద పడ్డ వాన పడ్డట్టే ఆవిరై లేచింది. ఎండాకాలమంతా కూడబెట్టింది ఆ ఒక్క పూటే వేడెక్కిపోయింది.

హైమ తొట్ల వంక చూడలేదు. ముందు మామ చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది.

“ఎలా జరిగింది మావయ్యగారూ?”

“నా చేతిలకెంచి పడ్డది రవ్వ” అన్నాడు ఓదెలు.

అప్పటికే గొడవ విని బానక్క గోడలు పట్టుకుంటూ అక్కడికి వచ్చింది. “ఆయన చేతిలకెంచి పడ్డదట! నలభై ఏండ్ల కాపురంల ఆయన నోట్లకెంచి మాటనే పడలే, చేతిలకెంచి ఉప్పెట్ల పడ్తది?” దగ్గు ఆపుకుని హైమ ముందు నిలబడింది. “నేనేసిన, బిడ్డా. ఉత్త డబ్బా పంపద్దని చిటికెడు తోడు ఏసి పంపిన. ఆ చెయ్యి నేనే కాల్చిన.”

వరుసలో నిలబడ్డ కనకమ్మ మెల్లగా తన డబ్బాలోకి చూసుకుంది. డబ్బా వంచి హైమకు చూపించింది. అడుగున చిటికెడు తెల్ల రవ్వ ఉంది. దాని వెనక ఇంకో డబ్బా వంగింది. దాంట్లోనూ ఉంది. రాజవ్వ డబ్బాలో అయితే చిటికెడు కాదు, గుప్పెడు.

“నాది జరంత పెద్దచెయ్యి” అంది రాజవ్వ నేల చూపులు చూస్తూ.

హైమ ఆ డబ్బాల వరుస మొత్తం చూసింది. కడిగి తెమ్మని అందరికీ చెప్పింది. వాళ్లు కడిగే తెచ్చారు. ఖాళీగా తెమ్మని చెప్పాలని ఆమెకు తోచలేదు. తడి అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నారు. ముందు ఏడుపే వచ్చింది గాని, సగంలో అది నవ్వుగా మారింది. అత్త నడుము పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

“పదండి” అని లేచింది. “పోయేది ఎలాగూ పోతోంది. ఏమున్నాయో అన్నీ తెచ్చి వండుకోండి.”

ఆ పూట ఏడో లైనులో పెళ్లి జరిగినట్టయింది. తొట్ల మీద గుండిగలు ఎక్కాయి. అన్నాలు ఉడికాయి. మక్క గింజల గుడాలు ఉడికాయి. సర్వపిండి గిన్నెలు వరుసగా కాలాయి. మూలన తాడు కట్టి నాలుగిళ్ల తడిబట్టలు ఆరేశారు. పిల్లలను తెచ్చి అక్కడే వేడినీళ్లు పోశారు. తడిసిన చొక్కా విప్పి బనీనుతో కూర్చున్న భూమారావుకు కనకమ్మ విస్తరి వేసింది.

అతను తింటూ నీళ్లు నమిలాడు. “రేపు పొద్దుగాల ట్రాక్టరు పంపాలె హైమమ్మా. ముసురు ఇంక విడిచేటట్టు లేదు. పందెమని జనాన్ని పస్తులుంచలేను గద.”

“పంపండి సార్” అంది హైమ. “తప్పు మీది కాదు.”

మర్నాడు పొద్దున ఓదెలు చేతికి గుడ్డ కట్టుకుని ముందు ప్రయోగశాలకు పోయాడు. హైమ గాజుసామాను పాత పేపర్లలో చుట్టి పెట్టెలో పెడుతోంది. అతను గుమ్మంలో నిలబడి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

“యార్డు తాళం నా దగ్గరనే ఉన్నది” అన్నాడు.

హైమ తలెత్తింది.

“ఒక ట్రాక్టరు బొగ్గు తొట్ల కింద మంటేస్తె, ఉప్పు మల్ల కరుగుతది గద. ఎవలకు తెల్వది. ఇండ్లు బొగ్గు తీసుకోనట్టే.”

అంత పొడుగు మాట మామ నోట ఆమె ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్లుగా యార్డులో ఒక బొగ్గు పెడ్డ అటుదిటు పోనివ్వని మనిషి. లేచి వచ్చి కట్టు కట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఎండ అని చెప్పి బొగ్గు వడ్డించమంటారా మావయ్యగారూ? రేపు అత్తయ్యగారు అన్నం కలిపి, ఇది ఎండతో వండిందేనా అమ్మాయీ అని అడిగితే నేనేం చెప్పను?”

ఓదెలు ఊ అన్నాడు. అది ఒప్పుకోవడమే.

ఆ రోజు తిరుపతికి సెలవు. ట్రాక్టరు అతనే తోలాడు. ఓదెలు ముందు నడిచాడు. ఏడో లైను మొదట్లో కనకమ్మ ఇల్లు. ఆమె గడపలో కూర్చుని పెరుగులో నానిన అటుకులు తింటోంది.

“మాకద్దన్నా.”

“సల్లటివే తింటవా?”

“నిన్న తిన్నదే ఇంక అరగలే. పో పో.”

తర్వాతి ఇంట్లో పొయ్యి ఎక్కడ పెట్టారో గుర్తు రావడం లేదన్నారు. ఆ పై ఇంట్లో మొగుడూ పెళ్లాలు చల్లటి జొన్న గట్క ముందు పెట్టుకుని, చాలా బాగుందని ఒకరితో ఒకరు గట్టిగా చెప్పుకుంటున్నారు. వరుసగా అంతే. నిన్న వంచి చూపిన డబ్బాలు ఇళ్ల ముందు బోర్లించి ఉన్నాయి. తిరుపతి తండ్రి వంక చూశాడు. ఓదెలు ఎటూ చూడకుండా నడుస్తున్నాడు. నడక మాత్రం కొంచెం వేగమైంది.

ఆఖరికి రాజవ్వ ఇల్లు. ఆమె పొయ్యి వాకిట్లోనే ఉంది. ఊడ్చి, అలికి, సిద్ధంగా పెట్టింది.

“ఒక తట్ట బొగ్గు పొయ్యి అన్నా” అంది. గొంతులో ఎప్పటి జోరు లేదు. “అందరి లెక్క అటుకులు తిని నేనూ ఉందును. లోపల బిడ్డ బాలింత. పసిపిల్ల పుట్టి పురుడన్నా వెళ్లలే. సన్నీళ్లు ఎట్ల పోసుడు?”

లోపలినుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఓదెలు గోడ అవతలికి చూశాడు. అటువైపు బానక్క తలుపు వేసుకుని పడుకుని ఉంది. ఇక్కడ పొయ్యి రాజుకుంటే పొగ ముందు చేరేది అక్కడికే. కొట్టం దగ్గరినుంచి హైమ వస్తూ ఆ మాట విని ఆగింది.

“పొయ్యండి మావయ్యగారూ” అంది. “పసిపిల్ల కంటే నా పందెం ఎక్కువా?”

ఓదెలు ఎడమ చేత్తో పార ఎత్తాడు. తడి బొగ్గు బరువుగా ఉంది. ముంజేతికి ఆనించి లేపాడు.

“అమ్మా!” లోపలినుంచి బాలింత పిలిచింది. “కోడి ఏదే? గంప కింద పిల్లలు గూడ లేవు!”

రాజవ్వ గుండె బాదుకుంది. “ఓయమ్మ, వానల వడి సచ్చిపోతయ్! ఓ అన్నా, జరంత ఆగు!” అని చీర ఎగ్గట్టి సందులోకి పరుగెత్తింది. పొయ్యి ఆమెది, ఆమె లేకుండా బొగ్గు పోయడమేమిటని ఓదెలు పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి లైను చివరనుంచి రాజవ్వ అరుపు వినపడింది. అందరూ అటు ఉరికారు. కొట్టంలో నడిమి తొట్టి మీద కోడి రెక్కలు పరిచి కూర్చుని ఉంది. రెక్కల కిందినుంచి చిన్న చిన్న తలలు తొంగిచూస్తున్నాయి. రాజవ్వ చెయ్యి పెట్టబోతే కోడి పొడిచింది. లేచే ఉద్దేశం దానికి లేదు.

హైమ తొట్టి అంచు మీద అరచెయ్యి ఆనించింది. ముఖంలో ఏదో మారింది. కొట్టం మూలనున్న గడ్డపార అందుకుని తొట్టి పై పెచ్చు పగలగొట్టింది. లోపలినుంచి ఆవిరి ఆమె ముఖానికి కొట్టింది.

“చల్లారలేదు! డబ్బాలో ముద్ద చిన్నది, పూటకే ఆరిపోతుంది. ఇది ఇంత పెద్దది. పైన గట్టిపడి లోపల దాచుకుంది. నిన్న పోయిందనుకున్నది పైపై వేడే!” ఒక్కసారి తన తల తానే కొట్టుకుంది. “ఎండాకాలమంతా ల్యాబులో డబ్బాలే కొలుచుకుంటూ కూర్చున్నాను. తొట్టిని కొలవాలని తట్టలేదు. నా చదువు తగలెయ్య!”

“నా కోడికి తట్టింది” అంది రాజవ్వ. పాత గొంతు మళ్లీ వచ్చేసింది. “సరే, నీళ్ల గుండిగ పట్కరాపోండ్రి. అది లేవకుంట పక్క తొట్టి మీద పెట్టుండ్రి. ఓ ఓదెలన్నా, పార దించు. నాకేం అక్కరలే నీ బొగ్గు.”

పసిపిల్లకు ఆ కొట్టంలోనే నీళ్లు పోశారు. ఆ ముసురు విడిచేదాకా ఏడో లైను వంట అక్కడే. రోజు రోజుకు పెచ్చు లోతుగా తవ్వి వేడి బయటికి తీశారు. ఆఖరి పూట అన్నం పలుకుగా మిగిలింది, పప్పు ఉడకనే లేదు. అయినా తిన్నారు. మర్నాడు మబ్బు చీల్చుకుని ఎండ పడితే, ఆడవాళ్లు గిన్నెలు వదిలేసి వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు.

ముసురు విడిచేదాకా ట్రాక్టరు నిండుగా పోయి నిండుగా తిరిగి వచ్చింది. ఎండ పడ్డ రోజు యార్డు గేటు దగ్గర భూమారావు ఉన్నాడు.

“ఎందరికి పోసినవ్ ఓదెలూ?”

“ఎవలకూ పొయ్యలే.”

భూమారావు బొగ్గు కుప్ప వంక, ఓదెలు కట్టు చేతి వంక చూశాడు. “ఇగ ఈ యార్డు నడవదు, తెలుసు గద నీకు?”

“ఊ” అన్నాడు ఓదెలు.

వానాకాలం పోయేసరికి లైను లైనుకూ తొట్ల కొట్టాలు లేచాయి. యార్డు మూసేశారు. కొందరికి కొట్టాల దగ్గరే పని దొరికింది. ఓదెలు చెయ్యి మానింది గాని రెండు వేళ్లు మడత పడలేదు. పార పట్టే చెయ్యి కాదిక. ముందుగానే ఇంటికి పంపారు. ఆ రోజు పాతవాళ్లు దండ వేశారు. ఒకడు మాట్లాడమన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అలవాటుగా పార భుజాన వేసుకుని గేటు దాకా వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి పోయి పెట్టేశాడు.

ఇంట్లో ఖాళీగా ఉండటం రాలేదు. వాకిట్లో కూర్చుని, ట్రాక్టరు పోని దారి వంక చూసేవాడు. బానక్క వంట ముగించి అన్నం కలిపి తెచ్చేది. ఆ వేళ్లు ముద్ద పట్టవు కాబట్టి ఆమే తినిపించేది. వాకిట్లో ఏమిటని అతను సిగ్గుపడితే, “మూతి తెరువు, బాలింత లెక్క నకరాలు చెయ్యకు” అని కసిరేది.

ఒక మధ్యాహ్నం ముద్ద పట్టుకుని ఆగింది.

“కండ్లు ఎర్రగున్నయ్. నిద్ర వోతలేవా? యార్డు యాదికొస్తున్నదా?”

ఓదెలు తల అడ్డంగా ఊపాడు.

“మరేంది? చెయ్యి గుంజుతున్నదా? నామీద కోపమా? కోపమే అయ్యుంటది. నేనే గద కాల్చిన. చెప్పయ్యా, ఒక్కనాడన్నా చెప్పు.”

అతను ముద్ద మింగాడు. గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు దగ్గుతలేవు” అన్నాడు. “నడిరాత్రి మెలకువొస్తే సప్పుడు ఉంటలేదు. ఉన్నవా లేవా అని చూస్త. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్త. ఇగ నిద్ర పట్టది.”

బానక్క అతని వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంగి, లేచి, రాజవ్వ గోడ మీదినుంచి తొంగిచూసేదాకా నవ్వింది. ఓదెలు ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడ దగ్గొచ్చి ఆగిపోతుందోనని.

ఆ నవ్వు దానంతట అది ముగిసేదాకా ఎక్కడా ఆగలేదు.